బర్ఖ్‌కు సూదుల రోజు

ముఐథర్
6 నవంబర్ 2018

తమ్ముడు జానీకి సలాం.

నీ ఫోన్ కాంక్రీటులో పడిపోయిందని నీళ్ళ బండి దస్తగిరి చెప్పాడు. ఇంకొకటి కొనుక్కోవడానికి ఏం అడ్డమొచ్చిందో మాత్రం చెప్పలేదు. "ఉత్తరం రాయమన్నాడుమ్మా నీ తమ్ముడు. బేస్తవారం మీ వీధిలో నీళ్ళు దింపుతా, శనివారం వాళ్ళ క్యాంపులో దింపుతా. కాగితం ముక్క నాకేం బరువు?" అన్నాడు. ఒకే అరబ్బు దేశంలో, గంట ప్రయాణం దూరంలో ఉండి ఉత్తరాలు రాసుకునే అక్కాతమ్ముళ్ళం మనమే అయ్యుంటాం. నా డబ్బా ఫోన్‌లో తెలుగు అక్షరాలు రావు, నీకు ఇంగ్లీషు రాదు. అందుకని రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. సెప్టెంబరులో ఫోన్ చేసి ఏడ్చాను కదా. ఆరేళ్ళయింది, ఇక నా వల్ల కాదు, రంజాన్ లోపల ఇద్దరం ఇంటికి పోదాం, నువ్వొచ్చి మేడంతో మాట్లాడు అని అడిగాను. నువ్వు "సరే అక్కా, అట్లనే, మంచిది" అన్నావు. ఆ మాట పట్టుకునే రెండు నెలలు నెట్టుకొచ్చాను. మగదిక్కు వచ్చి అడిగితే పంపిస్తానని మేడం ఎప్పుడో అంది, ఆ మాట మీద ఉంటుందనే నా నమ్మకం. గౌహర్‌కు పదకొండు నిండాయి. కన్నకూతుర్ని ఊళ్ళో అమ్మ దగ్గర వదిలేసి, అది ఎంత ఎత్తు పెరిగిందో కూడా తెలియకుండా, నేనిక్కడ కుక్క కాళ్ళు పిసుకుతున్నాను.

కుక్క అంటే తమాషాకు అనలేదు. ఈ ఇంటి పెద్దాయన పోయేముందు పెంచుకున్న వేటకుక్క ఒకటుందని చెప్పాను కదా, బర్ఖ్. అంటే మెరుపు అట. సన్నటి నడుము, పొడుగు మూతి. ఒకప్పుడు మదీనత్ అల్ షమాల్ వైపు ఎడారిలో కుందేళ్ళను తరిమేదట. ఇప్పుడు పదమూడేళ్ళు. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తుంది, మూడు మెట్లెక్కలేదు. మామూలు పశువుల డాక్టరు రక్తం చూసి, ఫొటోలు తీసి, వయసు అని చేతులెత్తేశాడు. పెద్దాయన జ్ఞాపకం కాబట్టి మేడం వదలదు. ఇప్పుడొక చైనా డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతున్నాం, ఆదివారం, బుధవారం. పేరు లిన్. ఆమె కుక్క నోరు తెరిచి నాలుక రంగు చూస్తుంది. తొడ లోపలి వైపు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని నాడి చూస్తుంది. తర్వాత నడుము పొడుగునా వెంట్రుకల్లాంటి సూదులు గుచ్చుతుంది. మొదట నాకే కళ్ళు తిరిగాయి. అది మాత్రం ఇరవై నిమిషాలు కదలకుండా, నా మోచేతి మీద గడ్డం ఆనించి పడుకుంది. నేను పట్టుకుంటేనే పడుకుంటుంది. ఇంకెవరు చెయ్యి వేసినా గుర్రుమంటుంది. దాని చొంగ నా బట్టల మీద, నమాజుకు ముందు నేను ఎన్నిసార్లు బట్టలు మార్చుకోవాలో లెక్కలేదు.

కంపెనీలో ఎప్పుడు చెబుతున్నావో, ఏ శుక్రవారం వస్తున్నావో రాయి.

నీ కోసం ఎదురుచూసే అక్క,
షబానా


బిర్కత్ అల్ అవామిర్
17 నవంబర్ 2018

అక్కకు జానీ సలాములు.

నేను క్షేమం. ఇక్కడ చలి ఇంకా మొదలు కాలేదు. డ్యూటీ పొద్దున నాలుగున్నరకు బస్సుతో మొదలు. స్టేడియం పక్కన కొత్త రోడ్డు, దాని కింద పెద్ద పైపులు. మాది రాయి పగలగొట్టే గ్యాంగు. ప్రపంచ కప్పు ఆటకు ఇంకా నాలుగేళ్ళుంది కానీ మా ఫోర్‌మాన్ మాత్రం రేపే ఆట ఉన్నట్టు "యల్లా, యల్లా" అంటూనే ఉంటాడు.

ఇంటికి పోదామన్న మాట గురించి. సరే అన్నది నిజమే. కానీ అక్కా, అక్టోబరులో కంపెనీ వాళ్ళు ఇంకో రెండేళ్ళకు సంతకం అడిగితే పెట్టేశాను. అప్పుడు నాకా సంగతి తట్టలేదు. కోపం చేసుకోవద్దు. నువ్వు ముందు పో, నేను వెనక వస్తాను.

శుక్రవారం రాలేను. నడుము నొప్పిగా ఉంది. వారమంతా మిషన్ పట్టుకుని వంగి ఉంటాం కదా, సెలవు రోజు మంచం దిగబుద్ధి కాదు. ఫోన్ కూడా ఇప్పుడే కొనను. ఉత్తరాలే బాగున్నాయి. నువ్వు రాసింది రెండుసార్లు చదువుకున్నాను.

గౌహర్‌కు నా దీవెనలు.

జానీ


ముఐథర్
28 నవంబర్ 2018

జానీకి,

సలాం చెప్పబుద్ధి కూడా కాలేదు, అయినా చెబుతున్నాను.

నేను ఫోన్లో ఏడ్చినదానికి సరే అని, నెల తిరగకుండా రెండేళ్ళకు సంతకం పెట్టావా? "తట్టలేదు" అని రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది? నేను ఒక్కదాన్ని పోగలిగితే నిన్నెందుకు అడుగుతాను? నువ్వొచ్చి మేడం ముందు నిలబడి ఒక్క మాట చెప్పమన్నాను, కొండలు పిండి చెయ్యమనలేదు. నిన్ను ఈ దేశానికి రమ్మన్నది నేనే కాబట్టి ఆ కసి మనసులో పెట్టుకున్నావేమోనని నా అనుమానం. దస్తగిరి కూడా చెప్పాడు. "గేటు కాడ జానీ, జానీ అని అరిచినానమ్మా. తల కూడా తిప్పకుండా పోయినాడు. మీ వాడికి శానా పొగరొచ్చింది" అన్నాడు. ఊరివాణ్ణి పలకరించకపోతే మన ఇంటి మర్యాద ఏమవుతుంది?

కోపం ఎంతసేపు రాసినా తీరదు, కాబట్టి కుక్క సంగతి రాస్తాను. ఈ ఆదివారం డాక్టరమ్మ బర్ఖ్ వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. అది చెవి కూడా కదపలేదు. "దీనికి వినబడక ఏడాది అయ్యుంటుంది, మీరెవరూ గమనించలేదా?" అంది. మేడం ఒప్పుకోలేదు. పిలిస్తే వస్తుంది కదా అని వాదించింది. డాక్టరమ్మ నవ్వి, అది మిమ్మల్ని చూసి వస్తుంది, విని కాదు అంది. ఆలోచిస్తే నిజమే. అందరూ తలుపు వైపు చూస్తే అదీ చూస్తుంది. అందరూ లేస్తే అదీ లేస్తుంది. వింటోందని మనమే అనుకున్నాం. వెనక నుంచి తాకితే ఉలిక్కిపడి పళ్ళు చూపించేది. అది పొగరు కాదట, భయమట. ఎప్పుడు చూసినా నేలకు ఛాతీ ఆనించి ఎందుకు పడుకుంటుందో కూడా ఇప్పుడర్థమైంది. అడుగుల అదురు నేలలోంచి తెలుస్తుందట. ఇప్పుడు నేను దగ్గరికి పోయేముందు నేల మీద రెండుసార్లు కాలు తట్టి పోతున్నాను. ఉలిక్కిపడటం మానేసింది.

వాళ్ళ వైద్యంలో మూత్రపిండాల సత్తువ తగ్గితే ఎముకలు, వెనక కాళ్ళు, చెవులు అన్నీ ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటాయట. భయం కూడా అక్కడే పుడుతుందట. తిండి కూడా మార్చింది. గొర్రె మాంసం వేడి, బాతు చలువ, ముసలి ఒంటికి చలికాలంలో వేడి చేసేవి పెట్టాలి అని చెబుతుంటే, అమ్మ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నట్టనిపించింది. అమ్మ ఒక్క సూదే గుచ్చలేదు, అంతే తేడా.

ఈసారైనా తిన్నగా జవాబు రాయి.

షబానా


బిర్కత్ అల్ అవామిర్
15 డిసెంబర్ 2018

అక్కకు,

నీ ఉత్తరం చదివాక పది రోజులు కలం పట్టబుద్ధి కాలేదు.

నీకు అన్నీ తెలిసిపోయాయన్నమాట. తెలిస్తే తిన్నగా అడగొచ్చు కదా. కుక్క పేరు పెట్టి అంత పొడుగు రాయడం దేనికి? చప్పట్లు కొట్టినా కదల్లేదట, అందరూ లేస్తే అదీ లేస్తుందట. ఎవరు చెప్పారు నీకు, దస్తగిరా? నా బాధ నాకు చాలు. కుక్కతో నన్ను పోల్చి ఎత్తిపొడవాల్సిన పనిలేదు. దానికి వారానికి రెండుసార్లు కారు, డాక్టరు, గొర్రె మాంసం. మాకు క్యాంపు క్లినిక్‌లో ఏ నొప్పికైనా ఒకటే తెల్ల మాత్ర.

నన్ను రమ్మన్నందుకు కసి అని రాశావు. అది మాత్రం అబద్ధం. నేను ఇష్టపడే వచ్చాను. మేడంతో మాట్లాడటానికి నేను పనికిరాను. వేరే ఎవరినైనా చూసుకో.

జానీ


ముఐథర్
9 జనవరి 2019

జానీ నాయనా,

నీ ఉత్తరం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నాకేం తెలిసిపోయిందంటున్నావో నాకే తెలియదు. నేను కుక్క గురించి రాసింది కుక్క గురించే. కానీ నీ మాటల్లో ఒకటి మాత్రం నా గుండెకు తగిలింది. దానికి కారు, డాక్టరు, నీకు తెల్ల మాత్ర. నడుము నొప్పి అని నువ్వు రాస్తే, ఎలా ఉందని ఒక్క ముక్క అడగకుండా రెండు పేజీలు కుక్క పురాణం రాశాను. నీకు కోపం రావడం న్యాయమే. అన్ని తిట్లూ వాపసు తీసుకుంటున్నాను.

అందుకే దస్తగిరి చేతికి ఒక పొట్లం ఇచ్చాను. అందులో చుట్ట అంత లావున రెండు బత్తులున్నాయి. వినాయక చవితి పత్రిలో అమ్మే మాచిపత్రి ఉంటుందే, అలాంటి ఆకునే ఎండబెట్టి, నలిపి, దూదిలా చేసి కాగితంలో చుడతారట. వాసన చూస్తే నీకే తెలుస్తుంది. ఇంట్లో వాడమని డాక్టరమ్మ ఒక పెట్టె ఇచ్చింది, అందులోంచి తీశాను. ఒక చివర వెలిగించాలి. మంట రాదు, నిప్పు కణికలా కాలుతుంది. ఒంటికి తాకించకూడదు, మనూళ్ళో ఎద్దులకు వాతలు వేసినట్టు కాదు. రెండు వేళ్ళ ఎడంలో పెట్టి, వెచ్చగా అనిపించేదాకా చూపించాలి. బర్ఖ్‌కు నడుము మీద, మోకాళ్ళ మీద చూపిస్తాను. తర్వాత కాస్త దూరం నుంచి చెవుల వెనక. హాయిగా కళ్ళు మూసుకుంటుంది. కుక్కదని సిగ్గుపడకు, ఇది చైనాలో మనుషులకూ చేసేదేనట. పొగ ఎక్కువ వస్తుంది, గదిలోవాళ్ళు తిడితే పడు.

మేడంతో నేనే మాట్లాడాను. "బర్ఖ్ నిన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు. అది బతికి ఉన్నన్నాళ్ళు ఉండు, తర్వాత నేనే టికెట్ కొని పంపిస్తా" అంది. ముందర అన్న మాట గుర్తుచేస్తే, అప్పుడు బర్ఖ్‌కు జబ్బు లేదు కదా అంది. అయినా నువ్వు ఒక్కసారి వచ్చి అడిగితే వేరేగా ఉంటుందని నా ఆశ.

నడుము ఎలా ఉందో రాయి. ఏ వైపు, ఎప్పట్నుంచి, అన్నీ రాయి.

నీ మొద్దు అక్క,
షబానా


బిర్కత్ అల్ అవామిర్
26 జనవరి 2019

అక్కా,

ఏడ్వకుండా చదువు. తిన్నగా జవాబు రాయమన్నావు కదా, ఇదే అది.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం తిండి తిని అందరూ పడుకున్నారు. మా గదిలో ఎనిమిది మందిమి, రెండంతస్తుల మంచాలు. నాది కిందిది, దానికి గుడ్డ తెర ఉంది. పొగ చూసి ఎవరైనా తిడతారని తెర దించుకుని నీ బత్తి వెలిగించాను. అక్కా, నడుముకు కాదు. చెవి వెనక పెట్టుకున్నాను. కుడి చెవికి కాసేపు, ఎడమ చెవికి కాసేపు. వెచ్చగా, హాయిగా ఉంది. అమ్మ చిన్నప్పుడు చెవిపోటుకు గుడ్డ కాచి పెట్టేది, అదే గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆ పొగకు గది పైకప్పులో ఉండే మిషన్ మోగిందట. అది మోగితే బిల్డింగు మొత్తం మోగుతుంది. గదిలో ఏడుగురూ లేచి పరుగెత్తారు. పై మంచం నేపాలీ బిష్ణు నన్ను పిలిచి, వస్తున్నాననుకుని పోయాడు. రెండు వందల మంది మైదానంలో నిలబడి లెక్క చూసుకుంటే ఒకడు తక్కువ. క్యాంప్ బాస్ మక్బూల్ భాయ్ వెతుక్కుంటూ వచ్చి తెర లాగాడు. నేను గోడవైపు తిరిగి కూర్చుని, బత్తి చెవి వెనక పట్టుకుని ఉన్నాను. వెనక నిలబడి అరిచాడట. తర్వాత చప్పట్లు కొట్టాడట. ఇవన్నీ బిష్ణు తర్వాత సైగలు చేసి చెప్పాడు. భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడి ఆయన చేతిని తోసేశాను. ఆయన నా మొహం చూశాడు, పైన మోగుతున్న మిషన్ వైపు చూశాడు. బత్తి నా చేతిలోంచి తీసుకుని నీళ్ళ బకెట్‌లో ముంచాడు.

నాకు వినబడటం లేదక్కా. రాయి పగలగొట్టే మిషన్ పట్టుకుని రెండేళ్ళు దాటింది. చెవుల్లో పెట్టుకోవడానికి స్పాంజి ముక్కలిచ్చారు, కానీ అవి పెట్టుకుంటే వెనకొచ్చే లారీ హారన్ వినబడదని ఎవరమూ పెట్టుకోలేదు. నిరుడు ఎండాకాలం నుంచి రొద మొదలైంది, చింతచెట్టు మీద కీచురాళ్ళు అరిచినట్టు. తర్వాత మనుషుల మాటలు పోయాయి. ఎదురుగా ఉంటే పెదాలు చూసి తెలుసుకుంటాను. లారీ వస్తే బిష్ణు నా నడుం మీద తడతాడు. ఫోన్‌కు పెదాలుండవు. కాంక్రీటులో అది పడలేదు, నేనే పడేశాను.

సెప్టెంబరులో నువ్వు ఫోన్ చేసినప్పుడు ఏదో గొంతు మాత్రం తెలిసింది, మాట తెలియలేదు. నువ్వు ఏడుస్తున్నావని కూడా తెలియదు. మూడు చోట్ల ఆగావు. ఆగిన చోటల్లా "సరే అక్కా", "అట్లనే", "మంచిది" అన్నాను. నువ్వేమడిగావో నీ మొదటి ఉత్తరం చదివాకే తెలిసింది. అప్పటికే సంతకం అయిపోయింది. ఎప్పటికైనా తగ్గుతుందని, బయటపడితే పంపించేస్తారని దాచాను. మేడం దగ్గరికి ఏ మొహంతో రాను? ఆవిడ అడిగినదానికి కూడా సరే సరే అని వచ్చేవాణ్ణి.

బుధవారం పెద్దాస్పత్రిలో పరీక్ష చేశారు. సైటు మీదికి పోవద్దన్నారు. గదిలోనే ఉంటున్నాను.

జానీ


ముఐథర్
6 ఫిబ్రవరి 2019

నా తమ్ముడికి,

ఏడ్వకుండా చదవమన్నావు. చదివాను, తర్వాత ఏడ్చాను. చేతులకు పిండి అయ్యి ఉంది, ఉత్తరం మీద మరకలు పడ్డాయి.

నేను ఎంత గుడ్డిదాన్నో చూడు. ఒక మూగజీవికి వినబడదని తెలుసుకోవడానికి ఏమేం చూడాలో వరసగా రాసి, నీకే పంపాను. ఆ ఉత్తరంలోనే పై పేరాలో నీకు పొగరని రాశాను. మేడం వాళ్ళు ఏడాది పాటు గమనించలేదని లోపల నవ్వుకున్నాను కూడా. తల్లి తర్వాత తల్లిలా నిన్ను పెంచిన దాన్ని, నువ్వు సరే అన్న తీరులోనే తేడా పట్టుకోవాల్సింది. నీకు చిన్నప్పట్నుంచీ వెంటనే సరే అనే అలవాటు ఎక్కడుంది? ఉప్పు తెమ్మంటే ఎందుకని అడిగేవాడివి.

పైగా నేను పంపిన బత్తి వల్లే నీ ఉద్యోగం పోయేలా ఉంది.

డాక్టరమ్మను అడిగాను. అబద్ధం చెప్పలేక కుక్క పెట్టెలోంచి రెండు తీసి నీకు పంపిన సంగతి కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు, కుర్చీ చూపించింది. "బర్ఖ్ చెవులు బాగుచేస్తానని నేనెప్పుడూ అనలేదు షబానా. పోయిన వినికిడిని సూది తేలేదు. కాళ్ళ నొప్పి తగ్గించాను, దాని భయం తగ్గించాను. నీ తమ్ముణ్ణి చెవుల డాక్టరు దగ్గరికి పోనివ్వు. ఆలస్యం చెయ్యొద్దు. ఆ బత్తి మాత్రం మూసిన గదిలో మళ్ళీ వెలిగించనివ్వకు" అంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. నిరుడు ఎండాకాలం నుంచి అంటే తల వంచుకుంది.

ఇంకో మాట ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. బర్ఖ్ తేరుకుంటోంది. నిన్న ఒక మెట్టు తనంతట తనే ఎక్కింది. మేడం చప్పట్లు కొట్టింది, అది చూసి బర్ఖ్ తోక ఊపింది. అది ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళు నేనిక్కడ. అది బాగుపడేకొద్దీ గౌహర్ నాకు దూరమవుతోంది. ఈ బుధవారం సూదులు వేస్తుంటే, నేను చెయ్యి తీసేస్తే చాలు, ఇది లేచి గొడవ చేస్తుంది, వైద్యం ఆగిపోతుంది అనిపించింది. అల్లా క్షమించాలి. తీయలేదు. దాని గడ్డం నా మోచేతి మీద బరువుగా ఉంది, తీయబుద్ధి కాలేదు. చాలా అలిసిపోయాను జానీ.

వాళ్ళేమన్నా చెప్పిన వెంటనే రాయి.

అక్క


బిర్కత్ అల్ అవామిర్
20 ఫిబ్రవరి 2019

అక్కా,

పంపించేస్తున్నారు. మార్చి 3 ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి ఫ్లైటు. పనికి తగడు అని కాగితం ఇచ్చారు. ఈ లోపం ఊరి నుంచి తెచ్చుకున్నదని ఇంకో కాగితం మీద సంతకం పెట్టమన్నారు. మక్బూల్ భాయ్ దూరం నుంచి వద్దని తల ఊపాడు, నేను పెట్టలేదు. ఈ దేశంలో నేను సరే అనని కాగితం అదొక్కటే.

బత్తి గురించి బాధపడకు. అది మోగకపోతే ఒకరోజు లారీ కింద పడేవాణ్ణి. ఆ మాట మక్బూల్ భాయే కాగితం మీద రాసి చూపించాడు.

ఎయిర్‌పోర్టుకు రావాలని ఉంటుంది నీకు. కుదిరితే రా. నిన్ను చూసి పదిహేను నెలలైంది. కుదరకపోతే మేడంతో గొడవ పడొద్దు. ఇంటికి పోదామన్నది నువ్వు, ఉంటానన్నది నేను. జరుగుతున్నది చూస్తే నవ్వొస్తోంది.

జానీ


ముఐథర్
10 మార్చి 2019

ఊరికి చేరిన తమ్ముడికి సలాం.

ఈ ఉత్తరం పోస్టులో వస్తుంది, ఎన్నాళ్ళకు చేరుతుందో తెలియదు. రాలేదని నువ్వు అనుకుంటూ ఉంటావు. నేను వచ్చాను.

ఆదివారం బర్ఖ్‌కు సూదుల రోజు. మేడం సెలవు ఇవ్వలేదు కానీ, క్లినిక్ నుంచి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టు మీదుగా తిప్పి, పది నిమిషాలు ఆపమని డ్రైవరుకు చెప్పింది. ఆమె చెయ్యగలిగింది అంతే, దానికే దండం పెట్టాను. అక్కడ బళ్ళు ఆగనివ్వరు. డ్రైవరు దించి, ఒక చుట్టు తిరిగొస్తానని పోయాడు. కుక్కను కారులో తనతో ఉంచుకోవడానికి అతనికి భయం, మీద పడి కరుస్తుందని. గొలుసు పట్టుకుని నేనూ బర్ఖూ పేవ్‌మెంటు మీద దిగాం.

నువ్వు కనబడ్డావు. నీలం చొక్కా, తాడు కట్టిన పెట్టె. తలుపులకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నావు, నా వైపు వీపు. సన్నబడ్డావు. నేను పిలిచాను. వినబడదని తెలిసి కూడా పిలిచాను. మూడుసార్లు పిలిచాను. ఎవరెవరో తిరిగి చూశారు. పరుగెత్తుదామంటే బర్ఖ్ కూర్చుండిపోయింది, సూదులు వేశాక దానికి నిద్ర వస్తుంది. గొలుసు వదిలేసి రావాల్సింది. అంత రద్దీలో చెవిటి కుక్క గొలుసు ఎలా వదలను? ఎత్తుకుని నాలుగడుగులు వేసేసరికి పోలీసు అడ్డం వచ్చి, కుక్క లోపలికి మాఫీ, అంటే కుదరదు, అన్నాడు. నేల మీద రెండుసార్లు కాలు తట్టాను జానీ. రాతి నేల, అదరలేదు. తలుపులు తెరుచుకున్నాయి, నువ్వు లోపలికి పోయావు.

కారులో ఇంటికొచ్చేదాకా బర్ఖ్ నా ఒడిలో పడుకుంది. ఈ వారం అది మూడు మెట్లూ ఎక్కింది. డాక్టరమ్మ సంతోషించింది, ఇంకో రెండేళ్ళు బతుకుతుందేమో అంది. మేడం సంతోషించింది. నేనూ సంతోషించాను, ఎందుకో నన్నడగొద్దు.

చెవుల డాక్టరు ఏమన్నాడో రాయి. గౌహర్ ఎలా ఉందో, ఎంత ఉందో, వేలితో కొలిచి అయినా రాయి.

అక్క షబానా


రాయచోటి
2 ఏప్రిల్ 2019

అక్కకు జానీ, అమ్మ, గౌహర్ సలాములు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అమ్మకు చదివి వినిపించాను. ఎయిర్‌పోర్టు సంగతి వచ్చిన చోట మాత్రం చదవలేకపోయాను, గౌహర్ తీసుకుని చదివింది.

లోపలికి పోయాక నేను వెనక్కి తిరిగి చూశానక్కా. అద్దాల అవతల జనం మధ్యలో ఒక కుక్క కనిపించింది. సన్నటి నడుము, పొడుగు మూతి. దాన్ని ఎత్తుకున్న మనిషిని పోలీసు అడ్డంగా నిలబడి కప్పేశాడు. అక్క చెప్పే కుక్క ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాను. అనుకుని లైనులోకి పోయాను. ఒక్క నిమిషం నిలబడి ఉంటే పోలీసు పక్కకు జరిగేవాడు.

తిరుపతిలో చెవుల డాక్టరు చూశాడు. ఎడమ చెవి పోయిందన్నాడు. కుడి చెవిలో కొంచెం మిగిలింది, మిషన్ పెడితే ఎదురుగా ఉన్నవాళ్ళ మాట తెలుస్తుందన్నాడు. పెట్టించుకుంటాను. రొద మాత్రం పోదట.

గౌహర్ నా భుజం దాటి రెండు వేళ్ళు ఉంది. నేను వెంట తెచ్చుకున్న నీ పాత ఉత్తరాలు చదివినప్పట్నుంచి నా దగ్గరికి వచ్చేముందు నేల మీద రెండుసార్లు కాలు తట్టి వస్తోంది. మట్టి నేల కదా, బాగా తెలుస్తుంది. మొదటిసారి అది అట్లా వచ్చినప్పుడు నేను ఉలిక్కిపడలేదు.

బర్ఖ్‌ను బాగా చూసుకో. దాని మీద నాకు కోపం లేదు. గొలుసు వదలకపోవడమే మంచిదైంది. అది ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ, నీ వల్ల ముందే పోయిందనిపించుకోకు.

మంచం తీసేయించాను. ఇంటి ముందర గదిలో నేల మీదే చాప వేసుకుని పడుకుంటున్నాను. నువ్వొచ్చే రోజు వీధిలోంచి నన్ను పిలవొద్దు. గడప దాటి రెండుసార్లు కాలు తట్టు, చాలు.

నీ తమ్ముడు,
జానీ